ఫుల్ సిగ్నల్ ఉన్నా నెట్ రాదేం? ఇంటి వైఫై వాదాలపై సమీక్ష

ఇంట్లో వైఫై సరిగా రాకపోతే సలహాలకు కొదవుండదు. రౌటర్‌ను ఎత్తులో పెట్టమని ఒకరంటారు, ఛానెల్ మార్చమని ఇంకొకరు, ఆ డబ్బా పారేసి మెష్ (ఇల్లంతా కలిసి పనిచేసే రెండుమూడు పెట్టెలు) కొనుక్కోమని మరొకరు. కాల్‌సెంటర్‌కు ఫోన్ చేస్తే ఒకసారి ఆపి ఆన్ చేయమంటారు. ఇవన్నీ ఏదో ఒక ఇంట్లో నిజంగా పనిచేసిన సలహాలే. అందుకే ఎవరి మాట వారు వదలరు, వాదం ఎటూ తేలదు.

మీటింగులు, ఆన్‌లైన్ తరగతులు, టీవీ, గుమ్మం దగ్గరి కెమెరా అన్నీ ఒకే రౌటర్ మీద పడ్డాక ప్రశ్న స్వరూపమే మారింది. పాత ప్రశ్న వేగం గురించి. ఇప్పటి ప్రశ్న నిలకడ గురించి: నెట్ ఉన్నట్టుండి ఎందుకు ఆగుతోంది, మాట మధ్యలో ఎందుకు తెగుతోంది, రాత్రి తొమ్మిదింటికే ఎందుకు మొరాయిస్తోంది? ఈ ప్రశ్నకు మాత్రం ఇప్పటికీ వేగం లెక్కతోనే జవాబు వస్తోంది. స్పీడ్ టెస్టులో వంద మెగాబిట్లు కనిపిస్తే చాలు, ఫిర్యాదు మూసేస్తారు. అరనిమిషం పాటు సగటు తీసే పరీక్ష రెండు సెకన్ల అంతరాయాన్ని పట్టుకోలేదు. చర్చ చిక్కుపడింది ఇక్కడే. ఎవరు ఏ వైపు నిలబడి మాట్లాడుతున్నారో, ఎవరి మాట ఎంతవరకు చెల్లుతుందో ఒకసారి చూద్దాం.

అందరి గాలి: చరిత్ర

రేడియో మీద కంప్యూటర్లను కలిపిన తొలి వ్యవస్థల్లో పేరున్నది అలోహానెట్. హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం నిర్మించిన ఈ వ్యవస్థ 1971లో పని మొదలుపెట్టింది. దాని నియమం చాలా సులువు. పంపాల్సింది ఉంటే పంపెయ్యడమే. మరొకరి సందేశంతో ఢీకొని చెడిపోతే కాసేపాగి మళ్లీ పంపడం. లెక్క కడితే, ఈ పద్ధతిలో ఛానెల్ సామర్థ్యంలో సుమారు 18 శాతానికి మించి వాడుకోలేమని తేలింది. తర్వాత వచ్చిన వైఫై ఈ నియమానికి మర్యాద నేర్పింది: ముందు విను, ఖాళీగా ఉంటేనే మాట్లాడు, అందినట్టు కబురు రాకపోతే మళ్లీ పంపు. మళ్లీ పంపడమన్నది వైఫైకి జబ్బు కాదు, దాని నడకే అంత. ఎన్నిసార్లు పంపాల్సి వస్తోందన్నదే అసలు సంగతి.

1985లో అమెరికా సమాచార నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ కొన్ని బ్యాండ్లను లైసెన్సు లేకుండా వాడుకోవచ్చంది. అవి అప్పటిదాకా మైక్రోవేవ్ ఓవెన్ల వంటి పరికరాలకు వదిలేసిన బ్యాండ్లు, 2.4 గిగాహెర్ట్జ్ వాటిలో ఒకటి. ఎవరూ కోరుకోని చోటు కాబట్టే ఉచితంగా దక్కింది. 1997లో ఐఈఈఈ సంస్థ 802.11 ప్రమాణం తెచ్చింది, వేగం సెకనుకు 2 మెగాబిట్లు. 1999లో 802.11బి దాన్ని 11కు పెంచింది. 2009లో ఎన్, 2013లో ఏసీ వచ్చాయి. ఈ అక్షరాలు జనానికి ఎక్కడం లేదని 2018లో వైఫై అలయెన్స్ వాటికి 4, 5, 6 అని అంకెలిచ్చింది. అట్టపెట్టె మీద ప్రతిసారీ పెద్దక్షరాల్లో పడింది వేగమే.

మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్‌కు లైసెన్సు అక్కర్లేదన్న నిబంధన 2005 జనవరిలో వచ్చింది. 2018 అక్టోబర్‌లో 5 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో 605 మెగాహెర్ట్జ్ మేర దారి తెరిచారు. మొదటి బ్యాండులో ఉన్నది మొత్తం 83.5 మెగాహెర్ట్జ్ మాత్రమే. ఈ రెండు అంకెల మధ్య తేడా తర్వాత వచ్చే సగం వాదనలకు మూలం.

ముందు తేలాల్సింది: తెగింది ఎక్కడ?

ఏ పక్షం వాదన వినబోయే ముందైనా ఒకటి తేల్చుకోవాలి. వీధి స్తంభం నుంచి ఫోన్ దాకా నెట్ వచ్చే దారిలో చాలా అతుకులున్నాయి: ఫైబర్, అది వచ్చి చేరే బాక్స్, రౌటర్, గాలి, ఫోన్. ఇందులో వైఫై అన్నది గాలి ముక్క ఒక్కటే. ఎక్కడ తెగినా నింద మాత్రం వైఫైకే.

బాక్స్ మీద ఎల్‌ఓఎస్ అనే లైటు ఎర్రగా వెలిగితే ఫైబర్‌లో వెలుతురు అందడం లేదని అర్థం. దానికి ఛానెల్ మార్చినా, మెష్ కొన్నా ఫలితం సున్నా. లైటు పచ్చగానే ఉండి అప్పుడప్పుడూ తెగుతుంటే బాక్స్ సెట్టింగుల్లో అందుతున్న ఆప్టికల్ పవర్ ఎంతో చూడాలి. ఇళ్లకు వచ్చే మామూలు జీపాన్ కనెక్షన్లలో అది మైనస్ 27 డీబీఎం దగ్గరికి దిగిందంటే అంచు మీద ఉన్నట్టే. తలుపు సందులో నలిగిన, మూల దగ్గర మరీ మడతపడిన ఫైబర్ ఇలాగే చేస్తుంది.

కరెంటు సంగతి మరీ తరచుగా మరిచిపోయేది. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే రెప్పపాటులో కొన్ని రౌటర్లు రీస్టార్ట్ అవుతాయి. పాతబడిన 12 వోల్టుల అడాప్టర్ ఎండాకాలంలో వేడెక్కి వోల్టేజీ తగ్గించినా అంతే. దీన్ని పట్టుకోవడం కష్టం కాదు. రౌటర్ పేజీలో అది ఎంతసేపటి నుంచి ఆగకుండా నడుస్తోందో కనిపిస్తుంది. ఎవరూ ముట్టుకోకపోయినా ఆ లెక్క మాటిమాటికీ సున్నా నుంచి మొదలవుతుంటే జబ్బు ప్లగ్గులో ఉంది, గాలిలో కాదు.

ఇవి దాటాక అసలు పరీక్ష. ల్యాప్‌టాప్‌లో రెండు కిటికీలు తెరిచి ఒకదాంట్లో రౌటర్‌కు (చాలా ఇళ్లలో 192.168.1.1), రెండోదాంట్లో బయటి చిరునామాకు (8.8.8.8 వంటిది) ఆగకుండా పింగ్ (జవాబుకు ఎంతసేపు పడుతుందో కొలిచే చిన్న కబురు) పెట్టాలి. ఆటంకం వచ్చిన క్షణంలో రెండూ ఏం చేశాయో చూడాలి. రౌటర్ పింగే వందల మిల్లీసెకన్లకు ఎగిరితే, లేదా జవాబు రాకపోతే, తప్పు ఇంటి గాలిలో. రౌటర్ పింగ్ నిమ్మళంగా ఉండి బయటిది మాత్రమే తడబడితే వైఫై నిర్దోషి. రెండూ బాగుండి సైట్లు మాత్రం తెరుచుకోకపోతే పేర్లను చిరునామాలుగా మార్చే డీఎన్‌ఎస్‌ను అనుమానించాలి. అదే పరీక్ష లాన్ కేబుల్ పెట్టి ఇంకోసారి చేస్తే అనుమానాలు దాదాపు తీరిపోతాయి. ఫోన్‌తో ఈ పరీక్ష చేయడం మంచిది కాదు. బ్యాటరీ ఆదా కోసం ఫోన్ రేడియో మధ్యమధ్య కునుకు తీస్తుంది. ఆ ఆలస్యాన్ని రౌటర్ ఖాతాలో వేసే ప్రమాదముంది.

మరో పొరపాటు మన ఇళ్లలో బాగా కనిపిస్తుంది. కంపెనీ ఇచ్చిన బాక్స్‌కు సొంత రౌటర్ తగిలిస్తారు. కొత్తదాని లాన్ పోర్టుకు వైరు పెడితే ఒకే ఇంట్లో రెండు పెట్టెలూ ఐపీ చిరునామాలు పంచడం మొదలుపెడతాయి. కొన్ని ఫోన్లకు నెట్ వస్తుంది, కొన్నింటికి రాదు, రేపు అవి తారుమారవుతాయి. దెయ్యం పట్టినట్టుండే ఈ వ్యవహారానికి మందు కొత్తదాన్ని, చిరునామాలు పంచకుండా వైఫై మాత్రమే ఇచ్చే యాక్సెస్ పాయింట్ మోడ్‌లో పెట్టడం.

ఈ క్రమం మీద తెలిసినవాళ్ల మధ్య పెద్దగా విభేదం లేదు. తప్పు గాలిలోనే ఉందని తేలాక మొదలయ్యేదే పక్షాల పోరు.

సిగ్నల్ పక్షం

అందరికన్నా పాతది, జనంలో బలమైనది ఈ వాదం: సిగ్నల్ అందడం లేదు, అందేలా చెయ్యి. వీళ్ల కొలమానం డీబీఎం. మైనస్ 50 అంటే దిట్టం. వీడియో కాల్ నిలకడగా సాగాలంటే మైనస్ 67 దాకా ఉండాలని సాధారణంగా చెబుతారు. మైనస్ 80 అంటే పోయినట్టే. ప్రతి పది మెట్లకూ శక్తి పదోవంతుకు పడిపోతుంది. గోడలు లేకున్నా, అదే దూరంలో 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ 2.4తో పోలిస్తే సుమారు 7 డెసిబెల్స్ తక్కువగా అందుతుంది. గోడలొస్తే తేడా ఇంకా పెరుగుతుంది.

మన ఇళ్ల విషయంలో వీరి మాటకు అదనపు బలం ఉంది. అమెరికాలో కర్ర చట్రాలకు జిప్సం బోర్డులు కొట్టి కట్టిన ఇంట్లో ఒక్క రౌటర్ ఇల్లంతా అందుతుంది. ఆ సలహాలనే తొమ్మిదంగుళాల ఇటుక గోడలు, ఆర్‌సీసీ స్లాబులు ఉన్న ఇంటికి తెచ్చి అతికిస్తే కుదరదు. గోడకు తోడు ఇనప బీరువా, నిలువుటద్దం, అటక మీద స్టీలు సామాన్లు. ఫైబర్ వచ్చేదేమో వీధి వైపు బాల్కనీ నుంచో గుమ్మం పైనుంచో. బిగించడానికి వచ్చినవాళ్లు వైరు ఎక్కడ ఆగితే అక్కడ, టీవీ యూనిట్ వెనకో షోకేసు లోపలో, బాక్స్ పెట్టి వెళ్తారు. పడగ్గది ఇంటి ఆ కొసన ఉంటుంది. ఇలాంటి ఇంట్లో బాక్స్‌ను నడిమింటికి మార్చడాన్ని మించిన మందు లేదు. ఖర్చల్లా కొన్ని మీటర్ల వైరు.

అయితే ఈ పక్షం తన మందును అతిగా వాడుతుంది. రౌటర్ పవర్ పెంచితే ఫోన్‌లో గీతలు నిండుతాయి, ఫోన్ గొంతు మాత్రం పెరగదు. వైఫై రెండు వైపులా సాగాల్సిన సంభాషణ. ఫోన్ పంపేది రౌటర్‌కు చేరకపోతే నిండు గీతలు అలంకారమే. పెద్ద యాంటెన్నాలదీ ఇదే కథ. అవి కొత్త శక్తిని పుట్టించవు, ఉన్నదాన్ని అడ్డంగా పరుస్తాయి. పక్క గదిలో మెరుగైనంత మేర పై అంతస్తులో తగ్గుతుంది.

రద్దీ పక్షం

సిగ్నల్ బలంగా ఉండి కూడా నెట్ ఎందుకు ఆగుతుందన్న ప్రశ్నకు గట్టి జవాబు వీరిది. ఛానెల్ అంటే ఒక్క మైకున్న సభ. ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లంతా ఆగాలి. ఆ సభలో మన ఇంటి పరికరాలే కాదు, అదే ఛానెల్ మీదున్న పక్క ఫ్లాటువాళ్లవీ కూర్చుంటాయి. ఇక్కడ కొరతగా ఉన్నది సిగ్నల్ కాదు, సమయం.

నెమ్మదిగా మాట్లాడేవాడు మైకును ఎక్కువసేపు పట్టుకుంటాడు. 1500 బైట్ల ప్యాకెట్‌ను 1 మెగాబిట్ వేగంతో పంపితే 12 మిల్లీసెకన్లు పడుతుంది; 300 మెగాబిట్ల వేగంతోనైతే, ముందువెనకల తతంగం మినహాయిస్తే, 0.04 మిల్లీసెకన్లే. 2003లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబ్ల్ పరిశోధకులు దీన్నే లెక్కకట్టి చూపించారు: 802.11బి నెట్‌వర్క్‌లో దూరాన ఉన్న ఒక్క పరికరం నెమ్మదిస్తే, రౌటర్ పక్కనే ఉన్నవాటి వేగం కూడా దాని స్థాయికి దిగిపోతుంది. వరండా కొసన వేలాడే పాత కెమెరా హాల్లోని ల్యాప్‌టాప్‌ను కుంగదీయడం వెనక కారణం ఇదే. నింద మాత్రం ల్యాప్‌టాప్ మీద పడుతుంది.

అపార్ట్‌మెంట్లలో ఇంకో భారం ఉంది. ప్రతి రౌటర్ తన పేరును సెకనుకు సుమారు పదిసార్లు ప్రకటిస్తుంది. 2.4 బ్యాండులో చాలా రౌటర్లు ఈ ప్రకటనను అత్యల్ప వేగంతో, 1 మెగాబిట్‌తో, పంపుతాయి. 250 బైట్ల ప్రకటన అనుకుంటే ఒక్కో పేరుకు గాలి సమయంలో 2 శాతం పోతుంది. ఒకే ఛానెల్ మీద పదిహేను పేర్లు వినిపించే ఫ్లాటులో ఎవరూ ఏమీ చూడకుండానే 30 శాతం ఖర్చయిపోయినట్టే. గెస్టుల కోసమని, పిల్లల కోసమని ఒకే రౌటర్‌లో నాలుగు పేర్లు పెట్టేవాళ్లు ఇది గమనించాలి.

ఛానెల్ ఎంపికలో ఈ పక్షం చెప్పేది మొదట వింతగా ఉంటుంది. 2.4 బ్యాండులో మన దగ్గర 13 ఛానెళ్లున్నా అవి ఒకదాని మీదొకటి ఒరిగి ఉంటాయి. ఒకదాన్నొకటి తాకనివి 1, 6, 11. ఒకటీ ఆరూ రద్దీగా ఉన్నాయని 3కు మారితే మేలనిపిస్తుంది, నిజానికి అది అధ్వానం. ఒకే ఛానెల్‌లో ఉన్న రౌటర్లు ఒకదాని మాట ఒకటి విని వంతులు పాటిస్తాయి. సగం ఒరిగిన ఛానెల్‌లో ఉన్నవాటికి పక్కవాడి మాట అర్థంకాని రొదగా వినిపిస్తుంది. ప్యాకెట్లు చెడతాయి, మళ్లీ పంపడాలు పెరుగుతాయి. 1, 5, 9, 13 అని నాలుగు ఛానెళ్లు వాడుకోవచ్చనేవాళ్లూ ఉన్నారు. భవనమంతా అదే ఒప్పందం మీద ఉంటే ఆ వాదన నిలుస్తుంది. పక్కింటివాళ్లు 6లో ఉండగా 5ను ఎంచుకోవడం ఇద్దరికీ చేటు.

వెడల్పుదీ ఇదే తగువు. 2.4లో 40 మెగాహెర్ట్జ్ పెడితే స్పీడ్ టెస్టులో అంకె పెరగొచ్చు, ఉన్న 83.5లో దాదాపు సగం మనమే ఆక్రమించినట్టు. అపార్ట్‌మెంట్లో 2.4కు 20, 5 గిగాహెర్ట్జ్‌కు 40 లేదా 80 సరిపోతాయన్నది ఈ పక్షం తీర్పు. నిలకడే కావాలనుకుంటే ఇది సరైన తీర్పు.

వైఫై కాని అల్లరి మూకలూ ఉన్నాయి. మైక్రోవేవ్ ఓవెన్ 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. ఆస్ట్రేలియాలోని పార్క్స్ రేడియో టెలిస్కోప్‌లో ఏళ్ల తరబడి అంతుపట్టని సంకేతాలకు మూలం, వంట పూర్తికాకముందే మైక్రోవేవ్ తలుపు తెరవడమేనని 2015లో తేలింది. ఖగోళ శాస్త్రజ్ఞులే మోసపోయారంటే వంటింటి పక్కగదిలో కాల్ తెగడం ఏపాటి! యూఎస్‌బీ 3.0 పరికరాల నుంచి వచ్చే రొద 2.4 బ్యాండును చెరుపుతుందని ఇంటెల్ 2012లోనే పత్రం వెలువరించింది. ల్యాప్‌టాప్‌కు బయటి హార్డ్‌డిస్క్ పెట్టగానే వైఫై నీరసపడితే కారణం ఇదై ఉండొచ్చు. ఐదుకు మారితే చాలు.

క్యూ పక్షం

సిగ్నల్ బాగుంది, ఛానెల్ ఖాళీగా ఉంది, ఐనా ఇంట్లో ఎవరో ఫొటోలు క్లౌడ్‌లోకి ఎక్కించగానే మీటింగ్ గడ్డకడుతుంది. ఈ లక్షణానికి పేరుపెట్టి ఉద్యమంగా నడిపినవాళ్లు జిమ్ గెటిస్, డేవ్ టాట్ తదితరులు. 2010 ప్రాంతంలో గెటిస్ దీన్ని బఫర్‌బ్లోట్ అన్నారు. మెమరీ చవకైందని రౌటర్లు, మోడెంలు ప్యాకెట్లను పారేయకుండా పెద్ద పెద్ద క్యూలలో దాచుకోవడం మొదలుపెట్టాయి. ఏదీ పోదు, అన్నీ ఆలస్యమవుతాయి. మాట్లాడే కాల్‌కు ఆలస్యంగా చేరిన ప్యాకెట్ చేరనిదానితో సమానం.

2012లో క్యాథ్లీన్ నికొల్స్, వాన్ జేకబ్‌సన్ కోడెల్ అనే పద్ధతి ప్రతిపాదించారు: క్యూ పొడవు కాదు, అందులో ప్యాకెట్ ఎంతసేపు నిలబడిందో చూసి, హద్దు దాటితే పారేయాలి. దాని మీదే ఎఫ్‌క్యూ కోడెల్ వచ్చి 2018లో ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ ప్రయోగాత్మక పత్రాల్లో చేరింది. 2017లో టోకె హోయ్‌లాండ్ యోర్గెన్‌సన్, టాట్ తదితరులు ఇదే ఆలోచనను వైఫై లోపలికి తెచ్చి, ప్రతి పరికరానికీ సమానంగా ప్యాకెట్లు కాక సమానంగా గాలి సమయం ఇస్తే 2003 నాటి సమస్య చాలావరకు తీరుతుందని లినక్స్‌లో చేసి చూపించారు. ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వేసుకున్న రౌటర్లలో ఇవి దొరుకుతాయి. కంపెనీ బాక్సుల్లో దొరికితే అదృష్టమే.

వీరి పరీక్ష ఎవరైనా చేయొచ్చు. పింగ్ నడుస్తుండగా పెద్ద ఫైలు అప్‌లోడ్ పెట్టాలి. 10 మిల్లీసెకన్ల పింగ్ 400కు ఎగిరితే క్యూ దోషం ఉన్నట్టే. ప్లాన్ వేగంలో పదోవంతు తగ్గించి హద్దు పెట్టుకుంటే కాల్స్ కుదుటపడతాయి. ఎక్కువ డబ్బిచ్చి వేగం పెంచుకున్నవాళ్లకు ఇది మింగుడుపడదు. గాలిలోనే ప్యాకెట్లు చెడుతున్న ఇంట్లో ఈ హద్దు పెద్దగా ఆదుకోదు. ఈ మాట క్యూ పక్షంవాళ్లు కాస్త మెల్లగా చెబుతారు.

తప్పు ఫోన్‌దే అనేవాళ్లు

ఏ రౌటర్‌ను పట్టుకోవాలో, ఎప్పుడు వదలాలో నిర్ణయించేది ఫోనే. ఐఫోన్ సిగ్నల్ మైనస్ 70కి దిగేదాకా మరో యాక్సెస్ పాయింట్ కోసం వెతకదని, మ్యాక్ అయితే మైనస్ 75 దాకా ఆగుతుందని యాపిల్ స్వయంగా రాసింది. మెష్ కొన్నా పడగ్గదిలో ఫోన్ హాల్లోని పెట్టెనే అంటిపెట్టుకోవడానికి కారణం ఇదే. 802.11కె, వి, ఆర్ అనే సవరణలు ఫోన్‌కు దారి చూపగలవు, చెయ్యి పట్టి లాగలేవు.

2.4, 5 బ్యాండ్లకు ఒకే పేరు పెట్టాలా, వేర్వేరు పెట్టాలా అన్నది ఇక్కడ పుట్టిన తగువే. ఒకే పేరుంటే పరికరమే తగినదాన్ని ఎంచుకుంటుందని తయారీదారులంటారు. 2.4 మాత్రమే తెలిసిన స్మార్ట్ బల్బు, ప్లగ్గు బిగించేటప్పుడు ఆ సౌకర్యమే అడ్డుపడుతుందని వాడినవాళ్లంటారు. డబ్ల్యుపీఏ2, డబ్ల్యుపీఏ3 కలగలిపిన భద్రత పెట్టినప్పుడు కొన్ని పాత పరికరాలు చేరనని మొండికేయడం కూడా ఇలాంటిదే. వాటికోసం 2.4లో విడిగా ఒక్క పేరు ఉంచడం తెలివైన రాజీ.

వైరు పక్షం

వీరి వాదన ఒక్క వాక్యం: కదలని వస్తువుకు వైఫై ఎందుకు? టీవీ, డెస్క్‌టాప్, రెండో యాక్సెస్ పాయింట్ వైరు మీదికి పోతే ఉన్న గాలి ఫోన్లకు మిగులుతుంది. సాంకేతికంగా దీనికి ఎదురులేదు. కట్టేసిన ఇంట్లో గోడ కొట్టడమే చిక్కు. ఒకే రేడియోతో అందుకుని తిరిగి పంపే చవక రిపీటర్ ప్రతి ప్యాకెట్‌నూ రెండుసార్లు మోస్తుంది కాబట్టి సామర్థ్యం సగానికి పడుతుంది. వెనక విడి రేడియో ఉన్న మెష్ నయం, వెనక వైరున్న మెష్ ఇంకా నయం. కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్లు కరెంటు వైర్లతో కలపకుండా గదిగదికీ విడి పైపు వేయించుకుంటే ఈ వ్యాసంలో సగం వారికి అవసరం లేదు.

పక్కపక్కన పెడితే

పక్షాలను పోల్చి చూస్తే తేడా సిద్ధాంతంలో కన్నా లక్షణంలో ఎక్కువ. ఫలానా గదిలో ఎప్పుడూ రాదంటే సిగ్నల్ పక్షం గెలుస్తుంది. అన్ని గదుల్లోనూ వచ్చి రాత్రిపూటే మొరాయిస్తే రద్దీ పక్షాన్ని పిలవాలి. వైరు మీద కూడా రాత్రిపూటే మొరాయిస్తే అది కంపెనీ లైన్లోని రద్దీ. ఇంట్లో ఒకరు అప్‌లోడ్ చేసినప్పుడే ఆగితే క్యూ. నడుస్తూ మాట్లాడేటప్పుడే తెగితే ఫోన్ వ్యవహారం. ఒకే ఒక్క పరికరానికి రాకపోతే రౌటర్‌ను వదిలేసి ఆ పరికరాన్నే చూడాలి.

ఖర్చు ప్రకారం చూసినా వరస దాదాపు ఇదే. చోటు మార్చడం, ఛానెల్ వెడల్పు తగ్గించడం, క్యూకు హద్దు పెట్టడం కాసుల్లేని పనులు. మెష్ అన్నిటికన్నా ఖరీదైనది, అన్నిటికన్నా ముందు అమ్ముడయ్యేది. రద్దీ జబ్బుకు మెష్ వేస్తే గాలిలోకి మరిన్ని గొంతులు చేరతాయి.

ఇక రీస్టార్ట్. అది పనిచేస్తుంది, ఎందుకంటే ఒకేసారి పది పనులు చేస్తుంది: నిండిన మెమరీ ఖాళీ అవుతుంది, ఛానెల్ కొత్తగా ఎంపికవుతుంది, చిరునామాలు తిరిగి అందుతాయి. వాటిలో ఏది మేలు చేసిందో మాత్రం తెలియదు. లాగ్ చూడకుండా రీస్టార్ట్ చేస్తే సాక్ష్యం తుడిచేసినట్టే.

ఇంకా తేలనివి

ఆటో ఛానెల్‌ను నమ్మొచ్చా? కొన్ని రౌటర్లు ఆన్ అయినప్పుడు ఒక్కసారే వెతికి ఊరుకుంటాయి, కొన్ని మాటిమాటికీ మారుస్తూ ఆ మార్పుతోనే కాల్స్ తెంపుతాయి. భవనంలో అన్నీ తలో తీరుగా మారుతుంటే ఏ ఒక్కటీ స్థిరపడదు. ఒంటరి ఇంటికి ఆటో సరిపోతుంది. అపార్ట్‌మెంటు విషయంలో ఏకాభిప్రాయం లేదు.

5 గిగాహెర్ట్జ్‌లో రాడార్లతో పంచుకునే మధ్య ఛానెళ్ల సంగతీ తేలలేదు. అక్కడ రద్దీ తక్కువ కాబట్టి అవే మేలని ఒక వాదం. రాడార్ లాంటి సంకేతం వినిపిస్తే రౌటర్ ఆ ఛానెల్ ఖాళీచేసి అరగంట దూరంగా ఉండాలి. కొత్త ఛానెల్ కూడా అలాంటిదే అయితే మొదలుపెట్టేముందు కనీసం నిమిషం విని చూడాలి. పొరపాటున విన్నా శిక్ష అదే. విమానాశ్రయానికో వాతావరణ రాడార్‌కో దగ్గర్లో ఉన్నవాళ్లకు 36, 149 మొదలయ్యే ఛానెళ్లే క్షేమం. మిగతావాళ్లు ప్రయత్నించి చూసుకోవాల్సిందే.

6 గిగాహెర్ట్జ్ రాజకీయం వేరు. అమెరికా 2020లో అక్కడ 1200 మెగాహెర్ట్జ్ తెరిచింది. మన ప్రభుత్వం 2025 మేలో కింది 500 మెగాహెర్ట్జ్‌కు ముసాయిదా నిబంధనలు ఇచ్చింది. పై భాగం తమకు కావాలని మొబైల్ కంపెనీలు, వైఫైకే వదలాలని టెక్నాలజీ కంపెనీలు పట్టుబట్టాయి. ఏది గెలిచినా ఆ తరంగాలు ఇటుక గోడను 5 కన్నా సులువుగా దాటవు. రద్దీ తగ్గుతుంది, గదికో పెట్టె అవసరం పెరుగుతుంది.

ప్రమాణాల లోకం కూడా దిశ మార్చుకుంటోంది. ఇప్పుడు తయారవుతున్న 802.11బీఎన్‌కు, అంటే రేపటి వైఫై 8కి, ఐఈఈఈ పెట్టుకున్న గురి అత్యధిక వేగం కాదు, అత్యధిక విశ్వసనీయత. పాతికేళ్ల తర్వాత అట్టపెట్టె మీది అంకెకు పోటీ వచ్చింది. అయితే ఏ ప్రమాణమూ పక్క ఫ్లాటులోని పాత రౌటర్‌ను మార్చలేదు.

అన్నిటికన్నా చిక్కుముడిగా ఉన్నది బాధ్యత ప్రశ్న. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024లో తెచ్చిన సేవా ప్రమాణాల నిబంధనలు కంపెనీ నెట్‌వర్క్‌ను కొలుస్తాయి. పడగ్గదిలోని గాలిని కాదు. అదే ఏడాది భవనాలకు డిజిటల్ కనెక్టివిటీ రేటింగ్ ఇచ్చే నిబంధనలు వచ్చాయి కాబట్టి బిల్డర్ కూడా లెక్కలోకి వచ్చాడు. కానీ బాక్స్ కంపెనీది, దాన్ని పెట్టిన చోటు టెక్నీషియన్ ఎంచినది, గోడ మనది, రొద పక్కింటిది. ఇన్ని చేతులున్న చోట స్పీడ్ టెస్టు స్క్రీన్‌షాట్‌తో ఫిర్యాదు ముగించడం న్యాయం కాదు. టెక్నీషియన్ ఈసారి ఇంటికి వచ్చినప్పుడు మూడు అంకెలు రాసిమ్మని అడగండి: అందుతున్న ఆప్టికల్ పవర్, వైరు మీద అప్‌లోడ్ నడుస్తుండగా బయటికి పింగ్, ఇబ్బంది ఉన్న గదిలో వైఫై మీద రౌటర్‌కు పింగ్. మొదటి రెండూ బాగుంటే గాలి సంగతి మీరు చూసుకోండి. ఆ రెంటిలో ఏది బాగాలేకపోయినా ఫిర్యాదు మూయనివ్వకండి, కొత్త రౌటరూ కొనకండి.